నవంబరు ఒకటి

మన ఇళ్ళలో గోడకు, రోజుకొక కాగితం చించే క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. నవంబరు ఒకటో తేదీ కాగితం మీద కూడా మిగిలిన రోజుల్లాగే తిథి, నక్షత్రం, రాహుకాలం అచ్చయి ఉంటాయి. ఆ తేదీన మన దేశంలో ఏయే సంవత్సరాల్లో ఏమేం జరిగిందో రాయాలంటే మాత్రం అంత చిన్న కాగితం చాలదు.

1858 నవంబరు 1న అలహాబాదులో కానింగు ప్రభువు విక్టోరియా రాణి ప్రకటనను చదివి వినిపించాడు. ఈస్టిండియా కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. 1954లో అదే తేదీన ఫ్రెంచివారు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలనను భారత ప్రభుత్వానికి అప్పగించారు. వీటిలో యానాం గోదావరి ఒడ్డున ఉన్న తెలుగు ఊరు. చుట్టూ ఆంధ్ర నేలే అయినా అది నేటికీ పుదుచ్చేరితోనే ఉంది. 1966లో హర్యానా, 2000లో ఛత్తీస్‌గఢ్ ఈ తేదీనే పుట్టాయి. 1973లో మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అనే పేరు వచ్చింది కూడా ఈ రోజే. ఇవన్నీ ఒక ఎత్తు, 1956 నవంబరు 1 ఒక ఎత్తు.

ఆనాడు గురువారం. రాష్ట్రాల పునర్విభజన చట్టం అమలులోకి వచ్చి, దేశపటం మీద 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు నిలిచాయి. దీనికి ముందు కథ ఉంది. పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం మద్రాసు నుండి వేరుపడింది. తరువాత ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దేశమంతా తిరిగి నివేదిక ఇచ్చింది. దాని ఫలితమే 1956నాటి మార్పు. ఆంధ్రరాష్ట్రం, హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. (ఆ రాష్ట్రమే 2014 జూన్ 2న రెండైంది.) మలబారు మద్రాసును వదిలి కేరళలో చేరింది. కన్యాకుమారి ప్రాంతం మద్రాసుకు వచ్చింది. మన కోయంబత్తూరు జిల్లాలోని కొల్లేగాల తాలూకా మైసూరుకు పోయింది. అక్కడి పిల్లలు ముందురాత్రి మద్రాసు రాష్ట్రంలో పడుకుని, మంచమైనా కదపకుండా మైసూరు రాష్ట్రంలో నిద్రలేచారన్నమాట!

అదే రోజున హంగరీ ప్రధాని ఇమ్రె నాజ్ తమ దేశం ఇకపై తటస్థంగా ఉంటుందని ప్రకటించాడు. మూడు రోజులకే బుడాపెస్టు వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు వచ్చాయి. మన దగ్గర కూడా హద్దుల కోసం తగవులు, ఆందోళనలు జరగకపోలేదు. చివరికి గీతలు గీసింది మాత్రం పార్లమెంటే.

గీత ఎంత జాగ్రత్తగా గీసినా ప్రతి ఇంటినీ దాని భాషవైపు చేర్చలేదు. సరిహద్దు ఊళ్ళయితే తరువాతనైనా ఇచ్చిపుచ్చుకోవచ్చు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అలాగే ఆంధ్ర నుండి మద్రాసుకు మారింది. మదురై, కోయంబత్తూరుల సంగతి అటువంటిది కాదు. విజయనగర రాజుల కాలంలో విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పాలన చేపట్టాడు. 1736 వరకు అక్కడ నాయక రాజుల ఏలుబడి సాగింది. తిరుమల నాయకుడు కట్టించిన మహలును మీలో చాలామంది చూసే ఉంటారు. విజయరంగ చొక్కనాథుడు రాజై ఉండి కూడా తెలుగులో వచన గ్రంథాలు రాశాడు. కోయంబత్తూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో తెలుగు రైతులు తరతరాలుగా పత్తి పండించారు. ఇంతకాలం ఇక్కడే ఉన్నవారు ఎక్కడికి పోతారు? వారు ఉన్నచోటనే ఉన్నారు. రాష్ట్రం లెక్కలో మాత్రం అల్పసంఖ్యాకులయ్యారు.

ఈ చిక్కును పార్లమెంటు ముందే గుర్తించింది. అందుచేత హద్దులు మారిన ఆ నవంబరు 1ననే రాజ్యాంగం ఏడవ సవరణ కూడా అమలులోకి వచ్చింది. దానితో 350-ఎ అనే కొత్త అధికరణం చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పేందుకు తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారాంశం. దాని వెంటనే ఉన్న 350-బి, ఈ రక్షణలు ఎలా అమలవుతున్నాయో పరిశీలించి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేకాధికారిని ఏర్పాటు చేసింది.

‘ప్రయత్నించాలి’ అన్న మాటను మళ్ళీ ఒకసారి చదవండి. ఇచ్చి తీరాలి అని అక్కడ లేదు. కాబట్టి లెక్కలు ముఖ్యమయ్యాయి. 1949 ఆగస్టులోనే విద్యామంత్రుల సమావేశం ఒక కొలత నిర్ణయించింది. ఒక బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుంటే, వారి భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి కనీసం ఒకరినైనా నియమించాలి.

తమిళం మనకు బజారు భాష, పొరుగువారి భాష. 2006లో వచ్చిన చట్టం ప్రకారం బడిలో అది తప్పనిసరి పాఠం కూడా. అది నేర్చుకున్నంత మాత్రాన తెలుగు పోదు. అక్షరాలు నేర్పేవారు లేకపోతేనే పోతుంది. ఇంట్లో తెలుగులో మాట్లాడుకుంటూ, ఒకరికొకరు ఉత్తరాలు తమిళంలో రాసుకున్న కుటుంబాలు ఈ జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.

బడిలో చేరేటప్పుడు నింపే కాగితంలో ‘మాతృభాష’ అని ఒక గడి ఉంటుంది. తెలుగు ఇళ్ళవారే కొందరు, ఏదైతేనేం అనుకుని, అందులో తమిళం అని రాయిస్తారు. అప్పుడు ఆ పదిమంది లెక్కలో ఒక పేరు తగ్గుతుంది.