ఫోను మోసము జరిగిన పిమ్మట చేయవలసిన పనులు

ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022వ సంవత్సరము జూన్ 29వ తేదీన ఆమోదించెను. అది మొదలు మన సంఘ కార్యాలయములలో చిట్టా ఆవర్జాల ప్రక్కన కంప్యూటరు కూడ చేరుచున్నది. రైతుల యిండ్లలో బిడ్డల చదువునకు కొన్న కంప్యూటరో, ధాన్యపు సొమ్ము చూచుకొను ఫోనో ఉండనే ఉన్నది. ధనము తిరుగు చోట దొంగ తిరుగుట వింత కాదు. దొంగను రానీయకుండుట యెట్లో పలువురు చెప్పుచున్నారు. వాడు వచ్చి పోయిన పిమ్మట ఏమి చేయవలెనో చెప్పువారు తక్కువ. కావున ఈ నెల పాఠమునకు ఆ విషయమునే గైకొంటిమి. పోయిన సొమ్ములో కొంతయైన నిలుచుటయు, నిలువకపోవుటయు చాల వఱకు ఆ తరువాతి మొదటి గంటలో మనము చేయు పనిని బట్టి యుండును.

మోసము జరుగు తీరు

తెగులును గుర్తింపనిదే మందు వేయలేము. ఇందలి తెగులు ఇట్టిది. కంప్యూటరు తెరమీద హఠాత్తుగా ఒక ప్రకటన కనబడును. యంత్రమునకు వైరసు సోకినదనియు, వెంటనే ఈ సంఖ్యకు ఫోను చేయవలెననియు అందుండును. లేదా ఎవడో తానే ఫోను చేసి, మైక్రోసాఫ్టు కంపెనీ వాడననియో, బ్యాంకు సాంకేతిక శాఖ వాడననియో చెప్పుకొనును. మైక్రోసాఫ్టు కంపెనీ అడుగనిదే ఎవరికిని ఇట్లు ఫోను చేయదు. దాని హెచ్చరికలలో ఫోను సంఖ్య ఉండదు.

పిమ్మట వాడు ఎనీడెస్కు, టీమ్ వ్యూయరు వంటి ప్రోగ్రామును మనచేత ఎక్కింపజేయును. ఇవి స్వతహాగా చెడ్డవి కావు. దూరముననుండి యంత్రమును బాగుచేయుటకు పనివాండ్రు వానిని వాడుదురు. కాని తెరమీది సంకేత సంఖ్యను పరాయివానికి చెప్పుట, ఇంటి తాళపుచెవి చేతికిచ్చుటతో సమానము. అటుపై మన తెర వానికి కనబడును, మన మీటలు వాని చేతిలోనికి పోవును. ఇట్టి ప్రోగ్రాముల ద్వారా ఖాతాలు దోచుకొనుచున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించెను.

ప్రతి కంప్యూటరును తనలోని చిన్న చిన్న లోపములను ఒక పట్టీలో వ్రాసికొనుచుండును. అది సహజము. దొంగ ఆ పట్టీని తెఱచి చూపి, యంత్రము పాడైపోయినదని బెదిరించును. ఆకుమీది నాలుగు మచ్చలు చూపి చేనంతయు పోయినదని మందు అంటగట్టు వర్తకుని తీరే యిది. మఱికొందఱు రుసుము తిరిగి యిచ్చెదమని చెప్పి, మన బ్యాంకు పుటను తెఱిపించి, తెరమీది అంకెలను తామే మార్చి, "పొరబాటున ఎక్కువ పంపితిమి, మిగులు తిరిగి పంపుడు" అని ఏడ్చుచు అడుగుదురు. తెరమీది అంకె మాఱినంత మాత్రమున ఖాతాలో సొమ్ము చేరదు. పాసుబుక్కులో గాని, బ్యాంకు శాఖలో గాని చూచికొన్నదే నిజము.

ఈ మోసము చాల కాలముగా అమెరికా, బ్రిటను దేశముల వృద్ధులపై సాగుచున్నది. 2023లో ఒక్క అమెరికాలోనే దీనివలన 92 కోట్ల డాలర్లకు పైగా పోయినట్లు అచ్చటి ఎఫ్.బీ.ఐ. లెక్క చెప్పుచున్నది. ఆ ఫోనులు చేయువారిలో మన దేశపు కాల్ సెంటర్ల వారును కలరనుట సిగ్గుపడవలసిన సంగతి. 2023 అక్టోబరులో మన సీ.బీ.ఐ. 76 చోట్ల సోదాలు జరిపెను. మైక్రోసాఫ్టు, అమెజాన్ పేర్లు చెప్పి విదేశీయులను వంచించిన ముఠాల కేసులు అందుండెను. బిడ్డలు విదేశములలో నున్న సభ్యులు ఈ సంగతి వారికిని తెలుపుట మంచిది.

మొదట గండి పూడ్చవలెను

కాలువకు గండి పడినప్పుడు ఎవరి తప్పని విచారించుచు గట్టుమీద నిలువము. ముందు గడ్డియు మట్టియు వేసి నీరు నిలుపుదుము. ఇక్కడను అంతే. మోసమని తోచిన క్షణముననే ఈ వరుసను పనులు చేయుడు.

1. ఫోను మాట ఆపుడు. దొంగతో వాదింపవలదు, తిట్టవలదు. కంప్యూటరునకు ఇంటర్నెట్టు తీగను ఊడదీయుడు, లేదా వైఫై ఆపుడు. ఫోనులోనైనచో డేటా ఆపుడు. సంబంధము తెగినతోడనే వాని చేయి మన యంత్రముపైనుండి తొలగును.

2. వేఱొక ఫోనునుండి 1930 సంఖ్యకు ఫోను చేయుడు. ఇది దేశమంతటికిని సైబరు మోసముల ఫిర్యాదు సంఖ్య. అచ్చటివారు మన ఫిర్యాదును మన బ్యాంకునకును, సొమ్ము చేరిన బ్యాంకునకును పంపుదురు. సొమ్ము ఇంకను ఆ ఖాతాలో నున్నచో దానిని కదలకుండ నిలుపుదురు. అచ్చటినుండి మఱొక బ్యాంకునకు పోయినచో ఫిర్యాదు దాని వెంటనే పోవును. దొంగ సొమ్మును గంటలలోనే చేతులు మార్చి తీసికొనును. కావున ప్రతి నిమిషమును విలువైనదే.

3. మన బ్యాంకునకు చెప్పి ఖాతాను, కార్డును, యూపీఐని నిలిపివేయించుడు. కార్డు వెనుక గాని పాసుబుక్కుపై గాని ముద్రించిన సంఖ్యకే ఫోను చేయుడు. ఇంటర్నెట్టులో వెదకిన సంఖ్యలలో దొంగల సంఖ్యలును కలిసియుండును. జిల్లా కేంద్ర సహకార బ్యాంకులో ఖాతా గలవారు శాఖకు స్వయముగా పోవుటయు మంచిదే, కాని 1930కి ఫోను చేసిన తరువాతనే బయలుదేరవలెను.

4. ఆధార్ సంఖ్యయు వానికి చెప్పియున్నచో, ఆధార్ వారి యాప్‌లో గాని వెబ్‌సైటులో గాని వ్రేలిముద్రలకు తాళము వేయుడు. సహాయమునకు 1947 సంఖ్య కలదు.

వ్రాతమూలమైన ఫిర్యాదు

నోటిమాట గాలికి పోవును, వ్రాత నిలుచును. 1930 వారికి చెప్పిన పిమ్మట, ఒక దినము దాటకుండ సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదును పూర్తి చేయుడు. మీకు వచ్చిన ఫిర్యాదు సంఖ్యను కాగితముపై వ్రాసికొనుడు. దొంగ ఫోను సంఖ్య, వాడు పిలిచిన వేళ, చెప్పిన పేరు, సొమ్ము పోయిన ప్రతి లావాదేవీ సంఖ్య, మొత్తము, బ్యాంకు పంపిన సందేశములు, ఇవి యన్నియు చేర్పుడు. తెరమీద నున్నదానిని వేఱొక ఫోనుతో బొమ్మ తీయుడు. కోపముతో గాని సిగ్గుతో గాని సందేశములను చెరిపివేయకుడు. అవియే సాక్ష్యము.

పోలీసు ఠాణాలోను ఫిర్యాదు ఇయ్యవచ్చును. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము ప్రకారము, నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఫిర్యాదు వ్రాసికొనవలసినదే. ఒకరి వేషమున కంప్యూటరు ద్వారా వంచించుట సమాచార సాంకేతిక చట్టము 66డి విభాగము క్రింద నేరము. దానికి మూడేండ్ల వఱకు ఖైదు, లక్ష రూపాయల వఱకు జుల్మానా కలదు.

నిలిపివేయబడిన సొమ్ము తనంతట తాను మన ఖాతాకు రాదు. దానికి పలు సందర్భములలో న్యాయస్థానపు ఉత్తరువు కావలసియుండును. తెలంగాణమున 2024లో ఇట్టి సొమ్మును లోక్ అదాలతుల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించిరి. ఫిర్యాదు సంఖ్య లేనివానికి ఈ మార్గము మూసియుండును.

నష్టము ఎవరిది?

ఈ విషయమున రిజర్వు బ్యాంకు 2017లో రెండు ఉత్తరువులు వెలువరించెను. జూలై 6వ తేదీది వాణిజ్య బ్యాంకులకు, డిసెంబరు 14వ తేదీది సహకార బ్యాంకులకు. వాని సారము మూడు మాటలు. తప్పు బ్యాంకుదైనచో నష్టము ఖాతాదారునికి లేదు. తప్పు బ్యాంకుదియు ఖాతాదారునిదియు కాక వేఱొకచోట నున్నప్పుడు, మూడు పనిదినములలో తెలిపినచో నష్టము లేదు. ఖాతాదారుడే అజాగ్రత్తతో రహస్య సంఖ్యను చెప్పియున్నచో, బ్యాంకునకు తెలుపు వఱకు జరిగిన నష్టము అతనిది, తెలిపిన తరువాత జరిగిన నష్టము బ్యాంకుది.

ఫోను మోసములలో తఱచుగా బ్యాంకువారు మూడవ మాటనే ఎత్తుదురు. అందుచే వేళకు ఎంత విలువయో లెక్క వేసి చూతము. ఒక రైతు ఖాతాలో ధాన్యము అమ్మిన 80,000 రూపాయలున్నవనుకొందము. ఉదయము 10 గంటలకు 25,000 పోయినవి. 10.20కి మఱొక 15,000 పోయినవి. అతడు 10.30కి బ్యాంకునకు తెలిపెను. 11 గంటలకు మిగిలిన 40,000 కూడ పోయినవి. ఆ చివరి 40,000 భారము బ్యాంకుదే. అతడు సాయంత్రము వఱకు ఊరకున్నచో 80,000 భారమును అతనిదే యగును. కావున తెలిపిన వేళకు రుజువు ఉంచుకొనుట ముఖ్యము. శాఖలో ఇచ్చిన అర్జీ నకలుపై ముద్ర, తేదీ, వేళ వేయించుకొనుడు. రహస్య సంఖ్య చెప్పియున్నచో చెప్పితిననియు, చెప్పకయే సొమ్ము పోయియున్నచో చెప్పలేదనియు, జరిగినది జరిగినట్లే వ్రాయుడు. ఒక్క అబద్ధము మిగిలిన నిజమునంతటిని చెరచును.

బ్యాంకు 30 దినములలో బదులియ్యకున్నను, ఇచ్చిన బదులు సమంజసముగా లేకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు మొఱపెట్టుకొనవచ్చును. రుసుము లేదు. విధానమును 14448 సంఖ్యకు ఫోను చేసి తెలిసికొనవచ్చును.

కొయ్యకాళ్లలోని పురుగు

వరి కోసినంతనే కాండము తొలుచు పురుగు నశించదు. కొయ్యకాళ్లలో దాగి మఱుసటి పంటకు లేచును. దొంగ పోయినను వాడు ఎక్కింపజేసిన ప్రోగ్రాములు అట్లే యంత్రములో నిలిచియుండును. కావున ఆ కంప్యూటరును శుద్ధి చేయు వఱకు దానిపై బ్యాంకు పని చేయకుడు.

సాక్ష్యమునకు బొమ్మలు తీసిన పిమ్మట, నమ్మకమైన పనివానిచేత ఆ ప్రోగ్రాములను తీసివేయించుడు. కావలసిన కాగితములను, ఫొటోలను వేఱుగా భద్రపఱచి, విండోసును మొదటినుండి మఱల ఎక్కించుట అన్నిటికంటె క్షేమము. రహస్య పదములను వేఱొక శుభ్రమైన యంత్రమునుండి మార్పుడు. అందును ఈమెయిలు పదము మొదటిది. ఏలయన, మిగిలిన ఖాతాల తాళములన్నియు దాని ద్వారానే మార్చుకొనవచ్చును. మన ఉత్తరములు వేఱొక చిరునామాకు పోవునట్లు దొంగ ఏర్పాటు చేసెనేమో చూడుడు.

సంఘ కార్యాలయపు కంప్యూటరే వాని చేతబడినచో, అది ఒక్కని నష్టముతో పోదు. సభ్యులందఱి లెక్కలు అందున్నవి. కార్యదర్శి ఆ పూటయే జిల్లా బ్యాంకునకు వ్రాతపూర్వకముగా తెలిపి, ఆ దినపు రోజుకట్టును చిట్టాతో సరిచూచి, పాలకవర్గము ముందుంచవలెను. దాచుట తగదు.

రెండవ దొంగ

మోసపోయినవాని పేరు దొంగల జాబితాలో నుండును. కొలది దినములకు మఱొకడు ఫోను చేసి, తాను సైబరు పోలీసుననియు, న్యాయవాదిననియు, పోయిన సొమ్ము దొరికినదనియు, ముందుగా కొంత రుసుము కట్టినచో తిరిగి వచ్చుననియు చెప్పును. ఆశ గొన్నవాడు ఉన్నదియు ఇచ్చును. 1930 వారు గాని పోలీసులు గాని సొమ్ము తిరిగి యిచ్చుటకు రుసుము అడుగరు. ఫోనులోనే అరెస్టు చేసితిమని బెదిరించు "డిజిటల్ అరెస్టు" అనునదియు మన చట్టములలో లేదు. ఈ సంగతిని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న రేడియో ప్రసంగములో స్పష్టముగా చెప్పిరి.

ఇంటివారికి ఒక మాట

ఇన్ని ఉపాయములు చెప్పితిమి గాని, వీనినన్నిటిని నిష్ఫలము చేయునది ఒకటి కలదు. అది సిగ్గు. పెద్దవాడు కుమారునికి చెప్పుటకు జంకును, భార్య భర్తకు చెప్పుటకు భయపడును. ఊరు నవ్వునని రెండు దినములు గడుపుదురు. దొంగకు కావలసినది ఆ రెండు దినములే. చదువుకొన్న ఉద్యోగులును, వ్యాపారులును ఈ వలలో పడుచున్నారు. నేర్పుగా అబద్ధమాడుట దొంగకు వృత్తి, నమ్ముట మనకు అలవాటు. ఇందు సిగ్గుపడవలసినవాడు దొంగయే.

కావున ఇంటిలో ఎవరైన "నేను మోసపోతిని" అని నోరు విప్పినచో, "ఎందుకు చెప్పితివి? ఎందుకు నమ్మితివి?" అని గద్దింపకుడు. ముందు 1930కి ఫోను కలుపుడు. విత్తనపు సొమ్మో, అప్పు వాయిదా సొమ్మో పోయినచో, వడ్డీ వ్యాపారి గడప త్రొక్కుటకు ముందే సంఘ కార్యదర్శితో చెప్పుడు. ఉన్న మార్గములను కలిసి ఆలోచింపవచ్చును. ఒకరి కష్టమున పదుగురు నిలుచుటకే సహకార సంఘము ఏర్పడినది.

ప్రతి సంఘ కార్యాలయమునను, ప్రతి సభ్యుని యింటను, ఫోను ఉంచు చోట గోడమీద 1930 అను సంఖ్యను, దాని క్రింద తమ బ్యాంకు శాఖ సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాయించవలెనని మా మనవి. చదువురాని సభ్యులకు కార్యదర్శులు ఈ పాఠమును తదుపరి సమావేశమున చదివి వినిపింతురుగాక.