సాగునీటి కాలువలు – చేపల రక్షణ



గోదావరి నీరు కోనసీమ చేలకు ప్రాణము. ఆ నీరే పులసకును, నీలకంఠ రొయ్యకును దారి. నీటిని పొలమునకు మళ్ళించుకొనుచు చేపను నదిలోనే ఉంచు పద్ధతులు కొన్ని గలవు. వీనిలో సగము ప్రభుత్వము చేయవలసినవి, సగము రైతు చేయదగినవి.

చేపల రాకపోకలు

సముద్రములో విలస అని పిలువబడు చేప వరదల కాలమున గౌతమి, వసిష్ఠ పాయలలో ఎదురీది వచ్చి పులస యగును. మంచినీటిలో లక్షల గ్రుడ్లు పెట్టును. పిల్లలు కొంత ఎదిగి, తిరిగి సముద్రమునకు పోవును. నీలకంఠ రొయ్య నడక దీనికి వ్యతిరేకము. అది కాలువలలో, నదిలో పెరిగి, పిల్లలు చేయుటకు ఉప్పునీటి మొగలకు దిగును. రొయ్యపిల్లలు గట్ల వెంబడి ప్రాకుచు మరల ఎగువకు వచ్చును.

రెండు ఆటంకములు

మొదటిది అడ్డుకట్ట. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానమున 175 తలుపులుగల బ్యారేజి 1982లో ఏర్పడినది. వరదకు తలుపులు ఎత్తినపుడు కొన్ని చేపలు ఎగువకు పోగలవు. మూసినపుడు దారి లేదు. కావేరిపై 1934లో మెట్టూరు ఆనకట్ట నిర్మించిన పిదప ఆ నదిలో పులస జాతి క్షీణించిన సంగతి మనకు హెచ్చరిక.

రెండవది కాలువ. ఎగువన పుట్టిన పిల్లలు నీటితోపాటు బొబ్బర్లంక వద్ద కాలువలో చేరి, తూములగుండా బోదెలలోనికి పోవును. వేసవిలో కాలువలు కట్టివేయగానే మడుగులలో చిక్కి చచ్చును.

తూమునకు జల్లెడ

జల్లెడను బోదె లోపల గాక, కాలువ అంచున, ప్రవాహమునకు ప్రక్కగా నిలుపవలెను. అపుడు కాలువ నీరే పిల్లలను దాటించి ముందుకు కొనిపోవును. సరుగుడు కర్రల చట్రమునకు సన్నని నైలాను వల బిగించిన చాలును.

జల్లెడ చిన్నదైనచో నీరు వడిగా లాగి, పిల్లలను దానికి అదిమివేయును. అమెరికా పశ్చిమతీర నదులలో సాల్మను చేప పిల్లల కొరకు రంధ్రము సుమారు 2.4 మిల్లీమీటర్లకు, జల్లెడవద్ద నీటి వడి సెకనుకు 0.4 అడుగుకు మించరాదని నియమము. ఈ లెక్కన ఒక క్యూసెక్కు నీటికి 2½ చదరపు అడుగుల జల్లెడ నీటిలో మునిగి ఉండవలెను. చెత్త పట్టును గనుక 5 చదరపు అడుగులు ఉంచుట మేలు. ఉదయము, సాయంత్రము తుడువవలెను. గ్రుడ్లను, అప్పుడే పుట్టిన పిల్లలను మాత్రము ఈ జల్లెడ ఆపలేదు. కొంత ఎదిగిన పిల్లలనే కాపాడును.

ఎగువకు దారి

పులస బలముగా ఈదును గాని సాల్మను వలె ఎగిరి దూకలేదు. కావున ఎత్తైన మెట్లు దానికి పనికిరావు. వాలు తక్కువగా, నీరు ఎడతెగక పారు మార్గము గాని, పడవల లాకు వలె నింపి వదలు అర గాని కావలెను. పోలవరము స్పిల్‌వేలో చేపలకు మార్గము ఏర్పరచిరి. అయితే పులస ముందుగా ధవళేశ్వరము దాటిననే ఆ మార్గము సార్థకము. కావున వరద కాలమున బ్యారేజి తలుపులు ఎత్తు పద్ధతిలో చేపల రాకపోకలను కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

రైతులు చేయదగినవి

1. పంపు పీల్చు గొట్టము చివర పెద్ద జల్లెడ బుట్ట అమర్చుడు.
2. తూముల వద్ద, లాకుల వద్ద దారి మూయునట్లు మావులు, వలలు కట్టనీయకుడు.
3. కాలువలు కట్టునపుడు మడుగులలో మిగిలిన పిల్లలను నదిలో విడువుడు.
4. పురుగుమందు చల్లిన చేలనీటిని వెంటనే మురుగుకాలువలోనికి వదలకుడు.
5. ప్రధాన కాలువలో ఏ అమరిక చేయవలెనన్నను నీటి సంఘము ద్వారా జలవనరుల శాఖ అనుమతి పొందుడు.

ఒక్క పులస వేల రూపాయలు పలుకుచున్న ఈ రోజులలో, బోదెలో చచ్చు ప్రతి పిల్లయు మన పొరుగు మత్స్యకారుని నష్టము. ఈ సార్వాకు నీరు వదలుటకు ముందే మీ తూమునకు జల్లెడ సిద్ధపరచుకొనుడు.