నెరిసిన జుట్టు నీళ్ల తప్పా?

ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో తరాల కిందటే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఊరు మారాక జుట్టు నెరిస్తే 'ఇక్కడి నీళ్లు పడలేదు' అనుకోవడం మన ఇళ్లలో మామూలే. కానీ వెంట్రుకకు రంగు పట్టేది చర్మం లోపల, కుదుళ్లలో. తల మీద పోసుకునే నీళ్లు అక్కడిదాకా చేరవు.

కుదుళ్లలోని మెలనోసైట్ కణాలు మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారు చేస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఈ కణాలను అందించే మూలకణాలు తగ్గిపోతాయి. దాంతో కొత్త వెంట్రుక తెల్లగానే పెరుగుతుంది. ఎప్పుడు నెరవాలన్నది చాలావరకు వంశపారంపర్యం. ఐఆర్‌ఎఫ్4 అనే జన్యువుకు నెరుపుతో సంబంధం ఉందని 2016లో శాస్త్రవేత్తలు గుర్తించారు.

చిన్న వయసులోనే నెరిస్తే బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ సమస్య ఉన్నాయేమో పరీక్ష చేయించుకోవాలి. వయసుతో వచ్చే నెరుపు మాత్రం జబ్బు కాదు, రంగు వేసి తీరాలనీ లేదు. పైగా చాలా హెయిర్ డైలలో ఉండే పారాఫినిలీన్‌డయామిన్ కొందరికి దురద, వాపు తెప్పిస్తుంది.

రంగు మానేస్తే నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున తెలుపు పైకొస్తుంది. జుట్టు కాస్త పొట్టిగా కత్తిరించుకుంటే రెండు రంగుల తేడా త్వరగా పోయి, తల నిండా ఒకే వెండి మెరుపు మిగులుతుంది.