మంగమ్మ కొన్న పాత పుస్తకాలు

మంగమ్మది కృష్ణా జిల్లాలో ఒక పల్లె అనుకుందాం. కూలికి పోతుంది. రోజుకు 300 రూపాయలు వస్తాయి. మొన్న మొన్నటి దాకా ఆమెది వేలిముద్రే. రాత్రి బడికి వెళ్లి అక్షరాలు, అంకెలు నేర్చుకుంది. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది.

కూతురు పద్మ పదో తరగతి పాసయింది. నర్సు కావాలని ఆ పిల్ల కోరిక. ఇంటర్లో బైపీసీ తీసుకుంది. బడిలో ఉన్నన్నాళ్లూ పుస్తకాలు సర్కారే ఇచ్చింది. ఇప్పుడు చేరింది ప్రైవేటు కాలేజీ. ఫీజుకే గేదెదూడను అమ్మారు. ఇంకా మూడు సైన్సు పుస్తకాలు కావాలి. కొత్తవి కొంటే 1,200 రూపాయలు. ఇంట్లో ఉన్నవి 600.

"పుస్తకాలు లేకుండా చదవలేవా?" అన్నాడు తండ్రి. పద్మ ఏడుపు ఆపుకుంది.

విజయవాడలో పాత పుస్తకాలు సగం ధరకు దొరుకుతాయని పక్కింటి అబ్బాయి చెప్పాడు. తల్లీ కూతుళ్లు బస్సెక్కారు. పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకు ఛార్జీ లేదు గనుక సరిపోయింది. మగవాళ్లు వెళ్తే బస్సు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

గవర్నరుపేటలో లెనిన్ సెంటర్ ఉంది. అక్కడ పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. పుస్తకాలు గుట్టలు గుట్టలు. దుకాణాయన భౌతిక శాస్త్రం తీసి ఇచ్చాడు.

"తీసుకోమ్మా, 60 రూపాయలే."

పద్మ ముఖం వెలిగింది. మంగమ్మ మాత్రం తొందరపడలేదు. అట్ట తిప్పింది. లోపలి పేజీలో అచ్చయిన సంవత్సరం వెతికింది. వేలు పెట్టి చదివింది. 2018.

"ఇది వద్దు బాబూ. పాఠాలు మారాయంట గదా!"

నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం సైన్సు పాఠాలు 2025లో మారాయి. అంతకు ముందు అచ్చయిన పుస్తకం ఎంత చవకైనా ఆ 60 దండగే. దుకాణాయన మోసగాడు అనుకోవద్దు. అన్ని గుట్టల్లో ఏది ఏ ఏడుదో ఆయనకు మాత్రం ఎంతని గుర్తుంటుంది? చూసుకోవలసింది కొనేవాళ్లే.

ఆయన మళ్లీ వెతికాడు. కొత్త పాఠాలవి మూడూ దొరికాయి. ఒక్కొక్కటి 200 చెప్పాడు. మంగమ్మ ప్రతి పుస్తకం పేజీల అంకెలు వరసగా చూసింది. చాలాసేపే పట్టింది. పద్మ సిగ్గుపడి, "ఇక చాలమ్మా" అంది. జీవశాస్త్రం పుస్తకంలో 96 తర్వాత 113 వచ్చింది!

పుస్తకాలను చాలావరకు 16 పేజీల కట్టలుగా కుడతారు. దాన్ని ఫారం అంటారు. కుట్టు తెగితే కట్టంతా ఊడిపోతుంది. పైకి ఏమీ తెలియదు. అంకెలు చూస్తేనే బయటపడుతుంది.

మంగమ్మ ఆ పేజీ చూపించింది. దుకాణాయన ఆ పుస్తకాన్ని 100కు ఇచ్చాడు. మూడింటికీ కలిపి 500 అయింది. 700 మిగిలింది. రెండు రోజుల కూలి కంటే ఎక్కువే.

మరి పోయిన పేజీలు? పక్క ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంది. అక్కడికి వెళ్దామంది పద్మ. మంగమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "మనల్ని రానిస్తారంటావా?"

గ్రంథాలయం ఆయన ఆ మాట విన్నాడు. "లోపలికి రండమ్మా. ఇది మీ డబ్బుతో నడిచేదే" అన్నాడు.

ఎట్లాగంటే, 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. మంగమ్మ ఇంటి పన్ను 500. అందుకు గ్రంథాలయ పన్ను 40 రూపాయలు. ఏటా కడుతూనే ఉంది. లోపలికి రావడం మాత్రం ఇదే మొదటిసారి. అక్కడ కూర్చుని చదివితే డబ్బు అడగరు. ఇంటికి తెచ్చుకోవాలంటే సభ్యత్వం కావాలి. అందుకు డిపాజిట్ కట్టాలి. మానుకున్నప్పుడు అది తిరిగి ఇస్తారు.

అదృష్టం, బీరువాలో ఆ జీవశాస్త్రం పుస్తకం ఉంది. పద్మ రెండు సాయంత్రాలు కూర్చుని 97 నుంచి 112 దాకా రాసుకుంది. మంగమ్మ పక్కనే కూర్చుని పేపరులో పెద్ద అక్షరాలు చదివింది. రాసిన కాగితాలను ఇంటి దగ్గర సూదీ దారంతో పుస్తకంలోనే కుట్టింది.

మీ ఇంటి పన్ను రశీదు తీయండి. అందులో గ్రంథాలయ పన్ను ఎంత ఉందో చదవండి. ఇంటి పన్ను 250 రూపాయలైతే గ్రంథాలయ పన్ను ఎంత అవుతుంది?