బొగ్గుబాయి తాత

గోదావరిఖనిలో గాని, జ్యోతినగర్‌లో గాని ఏ వాడకు పోయినా ఇలాంటి తాత ఒకరు కనబడతారు. తలకు తువ్వాల ఉంటుంది. చేతుల మీద నల్లని గీతలు ఉంటాయి. అవి పచ్చబొట్లు కావు. బొగ్గు పెళ్లలు కోసుకుని, పొడి లోపలే ఉండి మానిన గాయాలు. ఇలాంటి తాతలు మన దగ్గర ఎందరో ఉన్నారు. అందుకే ఈ పాఠంలో తాతకు పేరు పెట్టలేదు.

ఊరు విడిచి వచ్చాడు

సింగరేణి బొగ్గు చాలా పాతది. 1871లో కింగ్ అనే శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. మన రామగుండం వైపు గనులు 1960 ప్రాంతంలో వచ్చాయి. ఖని అంటే గని. గోదావరి ఒడ్డున గనులు వచ్చాయి కాబట్టి ఊరి పేరు గోదావరిఖని.

తాత 1965లో వచ్చాడు. అప్పుడు ఆయనకు ఇరవై ఏళ్లు. ఊళ్లో దొర దగ్గర జీతం ఉండేవాడు. వానలు లేవు, అప్పు తీరలేదు. "బాయి పనికి పోత" అని తల్లికి చెప్పి బయలుదేరాడు. ఆయనలాగే పక్క జిల్లాల నుండి ఎందరో వచ్చారు. ఉత్తరప్రదేశ్, బీహార్ నుండి కూడా వచ్చారు. వారికి తెలుగు రాదు. వీరికి హిందీ రాదు. చీకటిలో పక్కపక్కన పనిచేస్తూ ఒకరి మాట ఒకరు నేర్చుకున్నారు.

తట్ట, చెమ్మస్

తాత ఫిల్లర్ పని చేశాడు. మందు పెట్టి బొగ్గును పేల్చేవారు. తాత చెమ్మస్‌తో ఎత్తి, తట్టలో నింపి, టబ్బులో పోసేవాడు. ఎన్ని టబ్బులు నిండితే అంత కూలి. లోపల ఉక్కపోత. నెత్తి మీద క్యాప్ ల్యాంపు తప్ప వేరే వెలుగు లేదు.

జీతం రోజున తాత వేలిముద్ర వేసేవాడు. ముందు తల్లికి మనియార్డర్ కట్టేవాడు. ఆ తర్వాతే ఇంటికి బియ్యం కొనేవాడు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. ముగ్గురు పిల్లల్ని బడికి పంపాడు. "నేను తట్ట మోసిన. మీరు పలక పట్టుండ్రి" అనేవాడు.

ఇంట్లో అవ్వ కూడా ఊరికే కూర్చోలేదు. మూడు షిఫ్టులకు మూడు వేళల్లో వండింది. నీళ్లు మోసింది. తాత బాయి నుండి తిరిగి వచ్చేదాకా ఆమె కంటికి నిద్ర లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది చనిపోయారు. ఆ రోజు తాత వేరే గనిలో ఉన్నాడు. ఆ మాట తెలిసేదాకా అవ్వ గేటు దగ్గరే నిలబడింది.

ఒక పేరు, రెండు రాతలు

2005లో తాత దిగిపోయాడు. బొగ్గుగని కార్మికులకు ప్రావిడెంట్ ఫండ్ ఉంటుంది. దాని చట్టం 1948లో వచ్చింది. 1998 నుండి పెన్షన్ పథకం కూడా ఉంది. కార్మికుడు చనిపోతే భార్యకు పెన్షన్ వస్తుంది.

కాని కాగితాల్లో చిక్కు వచ్చింది. పాత ఫారంలో అవ్వకు ఇంట్లో పిలిచే పేరు రాసి ఉంది. రేషన్ కార్డులో వేరే పేరు ఉంది. ఎవరో రాశారు, తాత వేలిముద్ర వేశాడు. ఏం రాశారో ఇద్దరికీ తెలియదు. పేరు సరిచేయడానికి ఎన్నో నెలలు తిరిగారు. తాత బాధపడ్డాడు. "నలభై ఏండ్లు బాయిల దిగిన. గీ ఒక్క కాగితం సదువరాకపాయె" అన్నాడు.

అవ్వ ఆ మాట మరిచిపోలేదు. రాత్రి బడికి పోయింది. ఇప్పుడు ఇంటికి ఏ కాగితం వచ్చినా అవ్వ చదువుతుంది. తాత వింటాడు. ఆ తర్వాతే సంతకం.

మనుమరాలి ప్రశ్న

జ్యోతి అంటే వెలుగు. జ్యోతినగర్ మన ఎన్‌టీపీసీ కాలనీ. ఆ కరెంటు కేంద్రానికి 1978లో పునాది వేశారు. 1983లో కరెంటు పుట్టడం మొదలైంది. సింగరేణి బొగ్గుతో అక్కడ కరెంటు తయారవుతుంది. తాత కొడుకు అక్కడ కాంట్రాక్టు పని చేస్తాడు.

మనుమరాలు మైనింగ్ డిప్లొమా చదువుతోంది. 1952 గనుల చట్టం ప్రకారం ఆడవారు భూగర్భ గనిలో పని చేయరాదనే నియమం ఉండేది. 2019లో ఆ నియమం సడలింది. కొన్ని సాంకేతిక ఉద్యోగాల్లో ఆడవారు కూడా పగటిపూట గనిలో దిగవచ్చని ప్రభుత్వం చెప్పింది.

"తాతా, నేను బాయిల దిగనా?" అని మనుమరాలు అడిగింది. తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కర్ర తీసుకుని గోడను తట్టాడు. "లోపలికి పోంగనే పైకప్పును కొట్టి సూడాలె. గట్టిగ మోగితే మంచిది. డొల్ల సప్పుడు వస్తే ఆడ నిలవడొద్దు. బిడ్డా, గిది మరువకు" అన్నాడు. అవ్వ ఆ మాటలు తన నోటుబుక్కులో రాసుకుంది.

కొత్త మాటలు

వలస: బతుకుదెరువు కోసం ఊరు విడిచి పోవడం
చెమ్మస్: బొగ్గు ఎత్తే పార
నామినీ: మన తర్వాత డబ్బు ఎవరికి రావాలో, వారి పేరు

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంటి పెద్దలు ఏ ఊరి నుండి వచ్చారు? ఎందుకు వచ్చారు?
2. తాత కష్టం లెక్కలో ఉంది. అవ్వ కష్టం ఏ లెక్కలో ఉంది?
3. మనుమరాలు గనిలో దిగాలా? మీరేమంటారు?

చేసి చూడండి

మీ రేషన్ కార్డు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టండి. మూడింటిలో మీ పేరు చదవండి. ఒకే తీరుగా ఉందా? బ్యాంకు పుస్తకానికి నామినీ ఎవరో అడిగి తెలుసుకోండి. ఆ పేరు మీ చేతితో ఇక్కడ రాయండి.

............................................