కప్పులేని కారు

1984లో ఇటలీలోని మసెరాటి సంస్థ బైటర్బో స్పైడర్ అను గుడ్డకప్పు కారును వెలువరించెను. నేడది అరుదు. దాని ఇంజనునకు రెండు టర్బోచార్జర్లు కలవు. ఇంజను విడుచు పొగ ఒక చక్రమును త్రిప్పగా, అదే ఇరుసుపైనున్న రెండవ చక్రము గాలిని ఒత్తి సిలిండర్లలోనికి పంపును. మిక్కిలి వేడెక్కిన ఇంజనును తటాలున ఆపినచో ఇరుసుకడ నూనె మాడి బొగ్గగును. పాతబండిని బాగుచేయువారు ఈ మసికే బెదరుదురు. కాని అసలు గండము తలుపుల క్రిందనున్నది!

ఇనుపకప్పు లేనందున బండికి బిగువు నిచ్చునవి ముఖ్యముగా తలుపుల క్రింది రేకు దూలములే. తుప్పు వానినే తినును. తొందరపడి ఆ రేకును కోసినచో బండి నడుము వంగును. పిదప తలుపులు సరిగా పడవు. అందుచే నేర్పరి ముందుగా తలుపుల సందులలో ఇనుప కమ్ములను అడ్డముగా వెల్డింగు చేయును. పిమ్మట కొంచెము కొంచెముగా కోసి, క్రొత్త రేకు నతుకుచు, మాటిమాటికి కొలతలు సరిచూచుకొనును. తుదకు కమ్ములు తీసి, ఊపిరి బిగబట్టి, తలుపు వేసి చూచును.