గ్రీన్ బిల్డింగ్ నడిపేవాళ్ల చేతుల్లోనే ఉంది

కట్టిన భవనాలను నడపడమే చాలాకాలం నా ఉద్యోగం. ఆ తర్వాత గ్రీన్ బిల్డింగుల రంగంలోకి వచ్చే కుర్ర ఇంజినీర్లకూ ఆర్కిటెక్టులకూ శిక్షణ ఇస్తూ వచ్చాను. రెండు వైపులా పనిచేశాక నేను గట్టిగా నమ్మేది ఒకటే: డిజైన్ చేసేవాళ్లకు భవనం నడపడం తెలియాలి, నడిపేవాళ్లకు ఆ డిజైన్ ఎందుకలా ఉందో తెలియాలి. ఈ పనిలోకి దిగుతున్నవాళ్లకు నేను చెప్పదలచుకున్న పాఠాలు ఇవి.

1. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఎండను చదవండి.

హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. మిగతా నెలల్లో దక్షిణం నుంచి వచ్చే ఎండను మామూలు సజ్జా ఆపుతుంది. పడమటి ఎండ అలా లొంగదు. అది వాలుగా గది మధ్యదాకా వస్తుంది. అందుకే మెట్లు, లిఫ్టులు, బాత్రూములు పడమటి వైపు పెట్టండి. అటు కిటికీ తప్పనిసరైతే బయట నిలువు పలకలు కట్టండి, చెట్లు పెంచండి. సూర్యుడి దారిని ఒక్కసారైనా చేత్తో కాగితం మీద గీయండి. అలా గీసినవాళ్లు మళ్లీ మరచిపోవడం నేను చూడలేదు.

2. నియమావళిని ఊరితో కలిపి చదవండి.

భవనాల ఇంధన పొదుపు నియమావళి ఈసీబీసీ 2007లో వచ్చింది, 2017లో దాన్ని సవరించారు. 100 కిలోవాట్లు, ఆపైన కనెక్టెడ్ లోడ్ ఉండే వాణిజ్య భవనాలను దృష్టిలో పెట్టుకుని రాసింది అది. దేశాన్ని అందులో అయిదు వాతావరణ మండలాలుగా విభజించారు. హైదరాబాద్ మిశ్రమ మండలంలో ఉంటే, విశాఖ వేడీ తేమా కలిసిన మండలంలో ఉంది. తేడా ఒంటికి తెలిసేదే. ఏప్రిల్‌లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ల కూలర్ చక్కగా పనిచేస్తుంది. అదే కూలర్ విశాఖలో పెడితే తేమ ఇంకా పెరిగి చెమట ఆరదు. ఒక ఊరి డిజైన్‌ను మరో ఊరికి ఎత్తిపెట్టకండి.

3. మంచి భవనాన్ని నడిచి చూడండి.

హైదరాబాద్‌లోని సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన మొదటి భవనం అదే. దాని జాలీ గోడలు వెలుతురును రానిచ్చి ఎండను ఆపుతాయి. విండ్ టవర్లు లోపలికి వెళ్లే గాలిని ముందే చల్లబరుస్తాయి. వాడిన నీటిని మొక్కల వేళ్ల సాయంతో శుద్ధి చేస్తారు. అలాంటి భవనానికి వెళ్లినప్పుడు ఫొటోలతో సరిపెట్టుకోకండి. ఆ జాలీ దుమ్ము ఎవరు దులుపుతారో, ఆ మొక్కల్ని ఎవరు చూసుకుంటారో అడిగి తెలుసుకోండి.

4. ఖరీదైన యంత్రం కంటే ముందు పైకప్పు సంగతి చూడండి.

వేసవిలో రోజంతా ఎండ పడేది స్లాబు మీదే. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత తక్కువ ఖర్చుతో అయ్యే పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. అయితే పూత మీద దుమ్ము పేరుకుంటే దాని గుణం తగ్గుతుంది. పూత వేయించే రోజే, వేసవికి ముందు కడిగే పనిని కూడా మెయింటెనెన్స్ పట్టికలో రాయించండి.

5. ప్లాంట్ రూంలో నిలబడి నేర్చుకోండి.

చాలా చిల్లర్లను నీళ్లు 7 డిగ్రీల దగ్గర బయల్దేరి 12 దగ్గర తిరిగొచ్చేలా డిజైన్ చేస్తారు. తిరిగొచ్చే నీళ్లు 9 డిగ్రీలే ఉన్నాయంటే అవి గదుల వేడిని సరిగా తీసుకోకుండానే తిరుగుతున్నాయన్నమాట. ఎక్కడో వాల్వు అవసరం లేకపోయినా తెరిచి ఉండవచ్చు, కాయిల్ మురికి పట్టి ఉండవచ్చు. పంపు కరెంటు మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. వేగాన్ని 20 శాతం తగ్గిస్తే పంపు తీసుకునే విద్యుత్తు దాదాపు సగానికి పడిపోతుంది. ఈ లెక్క పుస్తకంలో ఉన్నదే, కానీ మీటరు ముల్లు దిగడం కళ్లారా చూసినప్పుడే మనసుకెక్కుతుంది.

అక్కడి లాగ్ బుక్ కూడా చూడండి. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా ప్రతి గంటకూ ఒకే అంకె, ఒకే సిరా, ఒకే వాలు కనబడితే అది షిఫ్టు చివర ఒక్కసారిగా నింపిన పేజీ. ఆపరేటర్ మీద కోప్పడకండి. ఆ అంకె దేనికి పనికొస్తుందో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పండి. మర్నాటి నుంచి నిజమైన అంకెలు వస్తాయి.

6. ఆపరేటర్‌కు తెలుగులో నేర్పండి.

లావుపాటి ఇంగ్లిష్ మాన్యువల్ అప్పగిస్తే హ్యాండోవర్ పూర్తయినట్టు కాదు. ఐటీఐ చదివి వచ్చిన కుర్రాడికి ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో ఒక్క పేజీలో తెలుగులో రాసి గోడకు అంటించండి. డిసెంబరులో అప్పగించిన భవనానికి మే నెల ఎండ తెలియదు. కాబట్టి డిజైన్ చేసినవాళ్లు వేసవిలో మళ్లీ వచ్చి, పూర్తి లోడు మీద యంత్రాలను పరీక్షించి, ఆపరేటర్ చేతే సర్దుబాట్లు చేయించాలి.

7. ఏడాదికోసారి లెక్క తీయండి.

ఏడాదిలో వాడిన యూనిట్లను భవనం చదరపు మీటర్లతో భాగిస్తే ఈపీఐ (ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్) వస్తుంది. పని గంటలు మారకుండా అది నిరుటికంటే పెరిగితే కారణం వెతకండి. ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) చెబుతుంది. ఏసీని 24 దగ్గర ఉంచి ఫ్యాన్ తిప్పితే ఉక్కపోత ఉండదు, బిల్లూ దిగుతుంది.

ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) పరీక్షలు, బీఈఈ ఎనర్జీ ఆడిటర్ పరీక్ష తప్పకుండా రాయండి. ఆ చదువు ఈ పనికి పునాది. శిక్షణ నడిపే పెద్దలకు మాత్రం నాదొక విన్నపం: తరగతిలో ఆర్కిటెక్టు పక్కనే చిల్లర్ ఆపరేటర్‌కూ కుర్చీ వేయండి. భవనాన్ని గీసేవాళ్ల పని కొన్ని నెలల్లో అయిపోతుంది. నడిపేవాళ్లు దశాబ్దాల తరబడి ప్రతి పొద్దునా స్విచ్ వేయాలి. మనం నేర్చినదంతా వాళ్లకు చేరితేనే ఈ శిక్షణకు ఫలితం.